రైళ్ల సమ్మె వేళ బ్రిటన్‌లో పండగ ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరు రెండో వారం దాటిందంటే బ్రిటన్ యూనివర్సిటీలకు సెలవులు మొదలవుతాయి. లీడ్స్, షెఫీల్డ్, న్యూకాజిల్, గ్లాస్గో లాంటి ఊళ్లలో చదువుకుంటున్న మన పిల్లలు పెట్టెలు సర్దుకుని హైదరాబాదుకో విజయవాడకో విశాఖకో బయల్దేరతారు. అవే రోజుల్లో అటునుంచి అమ్మానాన్నలు కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వస్తుంటారు. విమానం టికెట్ నెలల ముందే కొంటాం, ఇంటి నుంచి విమానాశ్రయం దాకా మాత్రం రైలు ఉంటుందిలే అని ధీమాగా ఉంటాం. సరిగ్గా ఆ రైలే ఆగిపోయినప్పుడు తెలిసినవాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలను, వాటికి నేను చెప్పిన జవాబులను ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. 2022 వేసవి నుంచి 2024 దాకా ఈ దేశంలో విడతలు విడతలుగా సాగిన రైల్వే సమ్మెల్లో నేర్చుకున్నవే వీటిలో ఎక్కువ. వీటన్నిటికీ అడుగున ఉన్న మాట ఒక్కటే: ముందు సీటు సంపాదించుకోండి, డబ్బు సంగతి తర్వాత చూసుకోండి. రైలు టికెట్ డబ్బు వెనక్కి అడగడానికి వారాల గడువు ఉంటుంది. కోచ్‌లో, అంటే ఇక్కడి దూరప్రాంతపు బస్సులో, సీటు గంటల్లో అయిపోతుంది.

సమ్మె జరగబోతోందని ఎన్ని రోజుల ముందు తెలుస్తుంది?

ఇక్కడి కార్మిక సంఘాలు చెప్పాపెట్టకుండా సమ్మెకు దిగడానికి చట్టం ఒప్పుకోదు. 2022–24 సమ్మెల కాలంలో యాజమాన్యానికి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాల్సి ఉండేది, 2025లో వచ్చిన చట్టం దాన్ని 10 రోజులకు తగ్గించింది. అంటే ఏ తేదీన సమ్మె ఉందో కనీసం పది రోజుల ముందే పత్రికల్లో వస్తుంది. అయితే ఆ రోజున ఏ రైలు నడుస్తుంది, ఏది నడవదు అన్న సవరించిన టైమ్‌టేబుల్ మాత్రం చాలాసార్లు కొద్ది రోజుల ముందుగానీ రాదు. తేదీ తెలిసిన రోజుకూ టైమ్‌టేబుల్ వచ్చిన రోజుకూ మధ్య ఉన్న ఈ వారం రోజుల్లోనే ఎక్కువమంది నష్టపోతారు. యాప్‌లో తమ రైలు ఇంకా మామూలుగానే కనిపిస్తోంది కాబట్టి ఫర్వాలేదని ఊరుకుంటారు, అది మాయమయ్యేసరికి కోచ్‌లన్నీ నిండిపోయి ఉంటాయి. తేదీ ప్రకటించిన సాయంత్రమే వేరే దారి చూసుకోవడం మంచిది.

సమ్మె ఎవరు చేస్తున్నారన్నది ప్రయాణికుడికి ఎందుకు? రైలు లేకపోతే లేనట్టే కదా?

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది అదే, ఎందుకంటే మీకు ఏ దారి మిగిలిందో దాన్నిబట్టే తేలుతుంది. బ్రిటన్‌లో పట్టాలు, సిగ్నళ్లు, పెద్ద స్టేషన్లు నెట్‌వర్క్ రైల్ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉంటాయి. వాటి మీద రైళ్లు నడిపేవి వేరే సంస్థలు. సిగ్నల్ సిబ్బంది పని ఆపితే ఏ సంస్థ రైలైనా కదలడం కష్టం. గొడవతో సంబంధం లేని స్కాట్లాండ్, వేల్స్ రైళ్లు కూడా ఆగిపోతాయి. 2022 జూన్ 21న మొదలైన ఆర్‌ఎంటీ అనే రైల్వే కార్మికుల సంఘం సమ్మెలు దాదాపు ముప్పై ఏళ్లలోకెల్లా పెద్దవని చెప్పుకోవడానికి కారణం ఇదే: అందులో నెట్‌వర్క్ రైల్ సిబ్బంది, రైలు సంస్థల సిబ్బంది కలిసి దిగారు.

డ్రైవర్ల సంఘం అస్లెఫ్ చేసే సమ్మె అలా కాదు. ఆ గొడవ ఇంగ్లండ్‌లో రైళ్లు నడిపే కొన్ని సంస్థలతో కాబట్టి ఆ సంస్థల రైళ్లే ఆగుతాయి, సిగ్నళ్లు మామూలుగానే పనిచేస్తాయి. లండన్ నుంచి న్యూకాజిల్ మీదుగా ఎడిన్‌బరోకు వెళ్లే లూమో, యార్క్‌షైర్ వైపు వెళ్లే గ్రాండ్ సెంట్రల్ లాంటి వేరే సంస్థలు ఆ సమ్మెల్లో నడిచాయి. ఇంతేకాక 2023 చివర్లోనూ 2024లోనూ అస్లెఫ్ ఒక్కో సంస్థకు ఒక్కో రోజు చొప్పున సమ్మె పెట్టింది. ఈరోజు మాంచెస్టర్ వైపు రైళ్లు లేకపోతే రేపు లీడ్స్ వైపు ఉండేవి కావు. ప్రయాణాన్ని ఒక్కరోజు అటో ఇటో జరిపి గట్టెక్కినవాళ్లు చాలామంది ఉన్నారు.

లండన్ ట్యూబ్, అంటే అక్కడి భూగర్భ మెట్రో, సంగతి మళ్లీ వేరు. దాన్ని నడిపేది లండన్ నగర రవాణా సంస్థ కాబట్టి జాతీయ రైళ్ల సమ్మె రోజున ట్యూబ్ నడవవచ్చు, ట్యూబ్ ఆగి జాతీయ రైళ్లు నడిచే పరిస్థితీ రావచ్చు. 2025 సెప్టెంబరులో ట్యూబ్ సిబ్బంది సమ్మె చేసినప్పుడు, ట్యూబ్‌లో భాగం కాని ఎలిజబెత్ లైన్ రైళ్లు నడిచాయి. కాబట్టి వార్తలో “రైల్వే సమ్మె” అని చదివి ఆగిపోకుండా, ఏ సంఘం, ఏ సంస్థలో, ఏ తేదీన అన్న మూడూ చూసుకోండి.

సమ్మె రోజున ఒక్క రైలు కూడా ఉండదా?

సిగ్నల్ సిబ్బంది సమ్మెలప్పుడు ముఖ్యమైన మార్గాల్లో ఉదయం 7:30 నుంచి సాయంత్రం 6:30 దాకా కొన్ని రైళ్లు నడిపారు. దీన్ని నమ్ముకునేటప్పుడు ఒక విషయం మరిచిపోకూడదు: 6:30 అనేది ఆఖరి రైలు బయల్దేరే సమయం కాదు, రైళ్లన్నీ గమ్యం చేరి ఆగాల్సిన సమయం. అందువల్ల దూరపు ఊళ్లకు లండన్ నుంచి ఆఖరి రైలు మధ్యాహ్నమే వెళ్లిపోతుంది. చిన్న ఊళ్లకు అసలు ఉండదు. సమ్మె ముగిసిన మర్నాటి ఉదయం కూడా రైళ్లు ఆలస్యంగానే మొదలవుతాయి, ఎందుకంటే బండ్లు, సిబ్బంది ఉండాల్సిన చోట ఉండరు. పొద్దున్నే విమానం ఉన్నవాళ్లు సమ్మె మర్నాటిని కూడా సమ్మె రోజుగానే లెక్కవేసుకోవాలి.

కొత్తగా వచ్చినవాళ్లకు ఇంకో సంగతి తెలియదు. సమ్మె ఉన్నా లేకపోయినా క్రిస్మస్ రోజున ఈ దేశంలో జాతీయ రైళ్లు నడవవు, మర్నాడు 26న కూడా బహు కొద్ది మార్గాల్లోనే నడుస్తాయి. సంక్రాంతికి ప్రత్యేక రైళ్లు వేసే దేశం నుంచి వచ్చినవాళ్లకు ఇది వింతగా తోచినా, పట్టాల మరమ్మతులకు వీళ్లు ఎంచుకునే రోజులు ఇవే.

రైలు లేకపోతే మొదట దేన్ని చూడాలి?

దూరప్రాంతపు బస్సును చూడాలి. ఇక్కడ దాన్ని కోచ్ అంటారు. నేషనల్ ఎక్స్‌ప్రెస్, ఫ్లిక్స్‌బస్ సంస్థల కోచ్‌లు దేశంలో పెద్ద ఊళ్లన్నిటినీ కలుపుతాయి, స్కాట్లాండ్‌లో అయితే సిటీలింక్ ఉంది. లండన్‌లో ఎక్కువ కోచ్‌లు బయల్దేరేది విక్టోరియా కోచ్ స్టేషన్ నుంచి. ఇది విక్టోరియా రైల్వే స్టేషన్‌లో ఉండదు, బయటికి వచ్చి బకింగ్‌హామ్ ప్యాలెస్ రోడ్డు వెంట పది నిమిషాలు నడవాలి. రెండు పెద్ద పెట్టెలు లాక్కుంటూ నడిస్తే ఆ పది కాస్తా ఇరవై అవుతాయి.

కోచ్‌కు పట్టే సమయం రైలుకు పట్టేదానికి రెట్టింపు అనుకోండి. లండన్ నుంచి లీడ్స్‌కు రైలు రెండుంపావు గంటల్లో చేరుస్తుంది, కోచ్‌కు నాలుగున్నర నుంచి ఐదు గంటలు పడుతుంది. ఎడిన్‌బరోకు రైలైతే నాలుగున్నర గంటలు, కోచ్ అయితే తొమ్మిది దాటుతుంది. సమ్మె రోజున రైలు ప్రయాణికులందరూ రోడ్డెక్కుతారు కాబట్టి ఇంకో గంటన్నర కలుపుకోవాలి. విమానానికి వెళ్తున్నవాళ్లు లగేజీ కౌంటర్ మూసే సమయం నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని, కుదిరితే సరిగ్గా ఆ వేళకు చేర్చే కోచ్‌కు కాక దాని ముందు కోచ్‌కు టికెట్ కొనాలి. రాత్రి కోచ్ ఎక్కి తెల్లవారుజామున విమానాశ్రయంలో దిగి నాలుగు గంటలు కూర్చోవడం విసుగే, కానీ ఆ విసుగు ఖరీదు విమానం టికెట్ ఖరీదు కంటే చాలా తక్కువ.

సామాను విషయంలో జాగ్రత్త. విమానంలో 23 కిలోల పెట్టెలు రెండు తీసుకువెళ్లే అలవాటు మనది. ఫ్లిక్స్‌బస్ మామూలు టికెట్‌కు డిక్కీలో పెట్టే పెట్టె ఒక్కటే, అదీ 20 కిలోలు మించకూడదు. రెండో పెట్టెకు ముందే డబ్బు కట్టి చోటు తీసుకోవాలి. మామూలు రోజుల్లో డ్రైవర్ చూసీ చూడనట్టు ఊరుకున్నా, నిండిపోయిన కోచ్‌లో ఆయనకు ఆ వీలు ఉండదు. రైల్‌కార్డు రాయితీ కోచ్‌లకు వర్తించదన్నదీ గుర్తుంచుకోండి, కోచ్‌లకు వేరే కార్డు ఉంటుంది.

రైలు టికెట్ కొన్నాను. దాన్ని క్యాన్సిల్ చేసి ఆ డబ్బు వచ్చాక కోచ్ టికెట్ కొనవచ్చా?

దయచేసి అలా చేయవద్దు. 2022 డిసెంబరు 24న జరిగింది చెబుతాను. ఆ రోజు సాయంత్రం ఆరు నుంచి 27 ఉదయం ఆరు దాకా నెట్‌వర్క్ రైల్ సిబ్బంది సమ్మె. ఆ ఉదయమే మా అమ్మానాన్నలు హీత్రూలో దిగారు, లీడ్స్‌కు నేను కోచ్ సీట్లు ముందే తీసుకుని ఉన్నాను. కోచ్ గంటా నలభై నిమిషాలు ఆలస్యమైంది. రెండో, మూడో టెర్మినళ్ల మధ్య ఉన్న సెంట్రల్ బస్ స్టేషన్‌లో అమ్మ శాలువా తల మీదుగా కప్పుకుని పెట్టె మీద కూర్చుని, చేతిసంచిలోంచి స్టీలు డబ్బా తీసి సున్నుండలు పంచుతోంది. పక్కనే ఖమ్మం నుంచి వచ్చిన ఒక కుర్రవాడు రెండు పెట్టెలతో నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. అతను వారం కిందటే రైలు టికెట్‌కు రీఫండ్ అడిగాడు, అది అకౌంట్లో పడ్డాక కోచ్ కొందామని ఆగాడు. డబ్బు వచ్చేనాటికి సీట్లు లేవు. డ్రైవర్ చేతిలో కాగితం పట్టుకుని పేర్లు పిలుస్తుంటే ఆ అబ్బాయి ప్రతి పేరుకూ తలెత్తి చూశాడు. చివరికి ఎవరో ఒకరు రాలేదు, ఆ సీటు అతనికి దక్కింది. అందరికీ అలా దక్కదు.

ఇక నియమం చెబుతాను. మీరు కొన్న రైలు రద్దయినా, ఆలస్యమైనా, అందువల్ల మీరు ప్రయాణం మానుకుంటే, టికెట్ ఏ రకమైనా సరే, ఒక్క రైలుకే చెల్లేలా ముందుగా చవకగా అమ్మే అడ్వాన్స్ టికెట్ అయినా సరే, పూర్తి డబ్బు వెనక్కి వస్తుంది. సర్వీసు రుసుము కోయకూడదు. టికెట్ గడువు ముగిసిన తర్వాత 28 రోజుల లోపు అడిగితే చాలు. ఎక్కడ కొన్నారో అక్కడే అడగాలి: యాప్‌లో కొంటే యాప్‌లో, స్టేషన్ కౌంటర్‌లో కొంటే కౌంటర్‌లో. అయితే రైలు రద్దయిందని అధికారికంగా తేలకముందే తొందరపడి క్యాన్సిల్ నొక్కితే, అది మీ అంతట మీరు మానుకున్నట్టు లెక్కలోకి వెళ్తుంది. అడ్వాన్స్ టికెట్‌కు అప్పుడు మామూలుగా ఏమీ రాదు. కాబట్టి కోచ్ టికెట్ ఇవాళ కొనండి, రైలు టికెట్‌ను అలాగే ఉంచండి, రద్దయినట్టు ప్రకటన వచ్చాక తీరిగ్గా రీఫండ్ అడగండి. రాకపోకల టికెట్ కొని ఒకవైపు ప్రయాణం అప్పటికే చేసి ఉంటే, మిగిలిన వైపుకే డబ్బు వస్తుంది. కోచ్‌కు మీరు ఎక్కువ పెట్టిన డబ్బు మాత్రం రైలు సంస్థ ఇవ్వదు.

సమ్మె రోజు టికెట్‌ను దాని ముందురోజో తర్వాతి రోజుల్లోనో వాడుకోనిచ్చే ఏర్పాటు కూడా తరచుగా చేస్తారు. ఏ తేదీల దాకా అన్నది ప్రతి సమ్మెకూ మారుతుంది కాబట్టి నేషనల్ రైల్ వెబ్‌సైటులో ఆ సమ్మెకు పెట్టిన పేజీనే చూడాలి, కిందటిసారి ఎవరో చెప్పినదాన్ని నమ్ముకోకూడదు.

సమ్మె రోజున రైలెక్కాను, ఆలస్యంగా చేరాను. పరిహారం వస్తుందా?

వస్తుంది. డిలే రిపే అనే పథకం కింద 28 రోజుల లోపు అడగాలి. చాలా సంస్థల్లో 15 నిమిషాల ఆలస్యానికే ఒకవైపు టికెట్ ధరలో పావు వంతు, అరగంటకు సగం, గంట దాటితే మొత్తం ఇస్తారు. అయితే ఆలస్యాన్ని ఆ రోజుకు సవరించిన టైమ్‌టేబుల్‌తో పోల్చి లెక్కిస్తారు, మీకు అలవాటైన పాత టైమ్‌టేబుల్‌తో కాదు.

విమానాశ్రయాలకు రైలు కాకుండా ఏ దారులు ఉన్నాయి?

హీత్రూ ఈ విషయంలో అన్నిటికంటే నయం. ట్యూబ్‌లో పికడిల్లీ లైన్ నేరుగా టెర్మినళ్ల కిందికే వస్తుంది కాబట్టి లండన్ దాకా ఎలాగో చేరితే మిగిలినది చిక్కు కాదు. ఎలిజబెత్ లైన్ కూడా హీత్రూకు వస్తుంది కానీ దాని పడమటి భాగం నెట్‌వర్క్ రైల్ పట్టాల మీద నడుస్తుంది, అందుకని సిగ్నల్ సిబ్బంది సమ్మె రోజున దాని మీద పూర్తిగా ఆధారపడకూడదు. రెడింగ్ నుంచి రైల్‌ఎయిర్ కోచ్, ఆక్స్‌ఫర్డ్ నుంచి ఎయిర్‌లైన్ అనే కోచ్ ఉన్నాయి. పేరు చూసి విమాన సంస్థ అనుకోకండి, అది ఆక్స్‌ఫర్డ్ నుంచి హీత్రూకు, గాట్విక్‌కు తిరిగే బస్సు.

గాట్విక్‌కు ట్యూబ్ లేదు. రైళ్లు ఆగితే కోచ్ లేదా కారే దిక్కు కాబట్టి గాట్విక్ నుంచి విమానం ఉన్నవాళ్లు అందరికంటే ముందు సీటు చూసుకోవాలి. స్టాన్‌స్టెడ్, లూటన్ కూడా అంతే, కాకపోతే వాటికి సెంట్రల్ లండన్ నుంచి కోచ్‌లు తరచుగా ఉంటాయి.

ఉత్తరాన చదువుకుంటున్నవాళ్లకు నా సలహా మరొకటి. హైదరాబాదుకు నేరుగా వెళ్లే విమానం హీత్రూ నుంచే ఉందని అందరూ లండన్‌కు పరుగెత్తనక్కర్లేదు. దుబాయి మీదుగా వెళ్లే ఎమిరేట్స్ విమానాలు మాంచెస్టర్, బర్మింగ్‌హామ్, న్యూకాజిల్, గ్లాస్గోల నుంచి కూడా ఉన్నాయి. టికెట్ కాస్త ఎక్కువైనా, ఇంటి నుంచి గంటలో చేరే విమానాశ్రయం ఉంటే రైళ్ల సమ్మె మిమ్మల్ని అంతగా పట్టదు. డిసెంబరు టికెట్ వేసవిలో కొనేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి.

కారు అద్దెకు తీసుకుంటే ఎలా ఉంటుంది?

నలుగురు కలిస్తే అన్నిటికంటే చవక, సుఖం కూడా. మన దేశపు డ్రైవింగ్ లైసెన్సుతో ఇక్కడ నివాసం మొదలైన 12 నెలల దాకా కారు నడపవచ్చు. రోడ్డుకు ఎడమవైపు నడపడం మనకు అలవాటే. అయితే అద్దె సంస్థలకు వాటి సొంత నిబంధనలు ఉంటాయి: చాలా సంస్థలు 21 లేదా 23 ఏళ్లు నిండనివాళ్లకు కారు ఇవ్వవు, 25 ఏళ్ల లోపు వాళ్ల దగ్గర రోజుకు ఇంత అని అదనంగా వసూలు చేస్తాయి. డిపాజిట్‌కు డెబిట్ కార్డు కాకుండా డ్రైవర్ పేరు మీద క్రెడిట్ కార్డు అడగవచ్చు, కొత్తగా వచ్చిన విద్యార్థులు చాలామంది కౌంటర్ దగ్గర చిక్కుకునేది ఇక్కడే. ఒక ఊళ్లో తీసుకుని మరో ఊళ్లో వదిలితే ఇంకో రుసుము ఉంటుంది.

లండన్‌లోకి వెళ్లేవాళ్లు రెండు రకాల సుంకాలు తెలుసుకోవాలి. నగర మధ్యభాగంలోకి ప్రవేశించినందుకు కట్టే కంజెషన్ ఛార్జీ డిసెంబరు 25 నుంచి జనవరి 1 దాకా ఉండదు. పొగ ఎక్కువ వదిలే పాత కార్లకు వేసే యూలెజ్ సుంకం రోజుకు 12.50 పౌండ్లు, 2023 ఆగస్టు నుంచి లండన్ అంతటా అమల్లో ఉంది, క్రిస్మస్ ఒక్కరోజే మినహాయింపు. అద్దె కార్లు సాధారణంగా కొత్తవి కాబట్టి రెండోది పడదు. స్నేహితుడి పాత డీజిల్ కారు తీసుకువెళ్తే మాత్రం ముందే నంబరు కొట్టి చూసుకోండి.

డిసెంబరులో మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడుతుంది, మోటార్‌వే మీద వాన, పొగమంచు ఉంటాయి. ఈ దేశంలో ఇంతకుముందు ఒక్కసారైనా దూరం నడపనివాళ్లు తొలి ప్రయోగానికి విమానం ఎక్కాల్సిన రోజును ఎంచుకోకూడదని గట్టిగా చెబుతాను.

మన వాట్సాప్ గ్రూపులో ఒకరు డబ్బు తీసుకుని విమానాశ్రయంలో దింపుతామంటున్నారు. వెళ్లవచ్చా?

ఒకే దారిలో వెళ్తున్న ఇద్దరు పెట్రోలు ఖర్చు పంచుకోవడం తప్పు కాదు. బ్లాబ్లాకార్ లాంటి యాప్‌లు నడిచేది ఆ పద్ధతిలోనే. లాభానికి మనుషులను చేరవేయడం మాత్రం టాక్సీ వ్యాపారం కిందికి వస్తుంది, దానికి స్థానిక కౌన్సిల్ లైసెన్సు, లండన్‌లో అయితే నగర రవాణా సంస్థ లైసెన్సు ఉండాలి. అది లేని కారుకు ప్రమాదం జరిగితే బీమా వర్తించకపోవచ్చు. దింపుతానన్నవాడు మనవాడే, తెలుగువాడే, మంచివాడే కావచ్చు, నష్టం మాత్రం మీ ఇద్దరికీ ఉంటుంది. సమ్మె రోజుల్లో ముందు డబ్బు పంపమని అడిగి, ఆ తర్వాత ఫోన్ ఎత్తనివాళ్ల సంగతులు కూడా విన్నాను. లైసెన్సు ఉన్న క్యాబ్‌ను నలుగురైదుగురు కలిసి ముందే బుక్ చేసుకుంటే మనిషికి పడే ఖర్చు కొన్నిసార్లు ఆఖరి నిమిషపు కోచ్ టికెట్‌కు దగ్గరగానే ఉంటుంది.

చేతిలో డబ్బు తక్కువ ఉంది. లోకల్ బస్సులతో ఊరూరూ మారుతూ వెళ్లడం సాధ్యమేనా?

యాభై, అరవై మైళ్ల లోపైతే సాధ్యమే. ఇంగ్లండ్‌లో చాలా లోకల్ బస్సుల్లో ఒక ప్రయాణానికి గరిష్ఠ ఛార్జీ 2023, 24 సంవత్సరాల్లో 2 పౌండ్లు ఉండేది, 2025 జనవరి నుంచి 3 పౌండ్లు చేశారు. దూరం ఎంతైనా అంతే. లీడ్స్ నుంచి యార్క్ మీదుగా స్కార్‌బరో సముద్రతీరం దాకా వెళ్లే కోస్ట్‌లైనర్ బస్సు అలాంటిదే. సెలవులకు ఊరు చూడబోయేవాళ్లకు ఇది చక్కటి దారి, కిటికీలోంచి పల్లెలన్నీ చూస్తూ వెళ్లవచ్చు. విమానం అందుకోవాల్సినవాళ్లు మాత్రం ఈ జోలికి పోవద్దు, ఒక బస్సు తప్పితే మిగిలిన బస్సులన్నీ తప్పినట్టే.

దేశంలోపలి విమానం?

ఎడిన్‌బరో, గ్లాస్గో, ఇన్వర్‌నెస్, న్యూకాజిల్‌ల నుంచి లండన్‌కు పనికొస్తుంది. ముందుగా కొంటే కొన్నిసార్లు రైలు కంటే చవక. రెండు విమానాలూ ఒకే బుకింగ్ కింద ఉంటే మొదటిది ఆలస్యమైనా రెండోదానికి వాళ్లే బాధ్యులు, విడిగా కొంటే వాళ్లకు ఆ బాధ్యత ఉండదు. చౌక విమానాల్లో పెట్టె ఛార్జీ కూడా కలిపి చూసుకోండి.

క్రిస్మస్‌కు పారిస్ వెళ్దామనుకున్నాం. ఫ్రాన్స్‌లో సమ్మె అయితే?

లండన్ నుంచి పారిస్‌కు వెళ్లే యూరోస్టార్ రైలు రద్దయితే డబ్బు వెనక్కి తీసుకోవచ్చు లేదా వేరే రోజుకు మార్చుకోవచ్చు, ఏది కావాలో ఎంచుకునే హక్కు మీది. లండన్ నుంచి పారిస్‌కు కోచ్‌లు ఉన్నాయి, డోవర్ దగ్గర సముద్రం దాటి తొమ్మిది గంటలకు పైగా పడుతుంది. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెంగెన్ వీసా ఏ దారిన వెళ్లినా తప్పదు. వీసాలో ప్రవేశ తేదీలు చూసుకోకుండా ప్రయాణాన్ని వెనక్కి జరిపి సరిహద్దు దగ్గర ఇబ్బంది పడవద్దు.

సమ్మె వల్ల విమానం తప్పిపోతే ఆ డబ్బు ఎవరిస్తారు?

రైలు సంస్థ రైలు టికెట్ వరకే బాధ్యత తీసుకుంటుందనుకుని నడుచుకోండి. విమానం సరిగ్గా వేళకే వెళ్లింది కాబట్టి విమాన సంస్థకూ సంబంధం ఉండదు. మిగిలింది ప్రయాణ బీమా. అందులో చూడాల్సింది ఒకటే: సమ్మె ప్రకటించక ముందు కొన్న పాలసీకే సమ్మె నష్టం వర్తిస్తుంది. తేదీలు పత్రికల్లో వచ్చాక కొంటే, తెలిసి తెలిసి కొన్నారని తోసిపుచ్చుతారు. అందుకే విమానం టికెట్ కొన్న రోజునే బీమా కూడా కొనమని చెబుతుంటాను. క్లెయిము కోసం రద్దయినట్టు వచ్చిన మెసేజ్ స్క్రీన్‌షాట్, కోచ్ టికెట్, ఆలస్యం గురించి ఏదైనా లిఖితపూర్వక ఆధారం దాచిపెట్టండి.

అమ్మానాన్నలు ఇద్దరే వస్తున్నారు. నేను ఎదురు వెళ్లలేను. వాళ్లను కోచ్ ఎక్కించడం ఎలా?

ఈ ప్రశ్నే నన్ను ఎక్కువమంది అడుగుతారు, అడిగేటప్పుడు గొంతులో బెంగ తెలుస్తూనే ఉంటుంది. వాళ్లు దిగే టెర్మినల్ నుంచే బయల్దేరే కోచ్ చూసుకుంటే సగం బెంగ తీరుతుంది. మధ్యలో మారాల్సిన పనిలేని నేరు కోచ్ అయితే, రెండు గంటలు ఎక్కువ పట్టినా అదే తీసుకోండి. విమానం దిగే సమయానికీ కోచ్ సమయానికీ మధ్య కనీసం మూడు గంటలు ఉంచండి, ఇమిగ్రేషన్ వరుస పండగ రోజుల్లో చాలా పొడవుగా ఉంటుంది.

వాళ్లు బయల్దేరకముందే ఒక కాగితం రాసి ఫొటో పంపి, దాన్ని అక్కడే ప్రింటు తీయించి నాన్నగారి జేబులో పెట్టించండి. అందులో ఒకవైపు తెలుగులో: ఏ టెర్మినల్, బయటికి వచ్చాక ఏ బోర్డు వెంట నడవాలి, కోచ్ నంబరు ఎంత, ఎన్నో స్టాపులో దిగాలి. రెండోవైపు అదే విషయం ఇంగ్లిషులో, కింద మీ ఫోన్ నంబరు. ఆ రెండోవైపు డ్రైవర్‌కు చూపించడానికి. మా నాన్న ఆ కాగితాన్ని పాస్‌పోర్టుతో కలిపి మడిచి పెట్టుకుని, లీడ్స్ చేరేదాకా మూడు నాలుగు సార్లు తీసి స్టాపుల పేర్లు సరిచూసుకున్నారు. ఫోన్‌లో ఉంటే అలా చూసుకునేవారు కాదు, ఛార్జింగ్ అయిపోతుందని దాచుకునేవారు.

మందులు, ఒక స్వెట్టరు, తినడానికి ఏదైనా చేతిసంచిలో ఉండాలి. డిక్కీలోకి వెళ్లిన పెట్టె మధ్యలో దొరకదు. కోచ్‌లో టాయిలెట్ ఉంటుందని కూడా ముందే చెప్పండి. తెలియక మా అమ్మ పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగకుండా కూర్చుంది. చక్రాల కుర్చీ అవసరమైతే కోచ్ సంస్థకు ముందే ఫోన్ చేసి చెప్పాలి, అప్పటికప్పుడు ఏర్పాటు చేయలేరు.

ప్రయాణికులను ఇంత ఇబ్బంది పెట్టి సమ్మె చేయడం న్యాయమేనా?

ఈ ప్రశ్నకు నా జవాబు నాది. 2022 అక్టోబరులో ఇక్కడ ధరల పెరుగుదల 11 శాతం దాటింది, జీతాలు ఆ దరిదాపుల్లో కూడా పెరగలేదు. 2019లో దసరాకు మూడు రోజుల ముందు తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు బస్టాండులో పిల్లలతో నిలబడ్డవాళ్ల కష్టమూ నిజమే, కార్మికుల కష్టమూ నిజమే. పండగ రోజుల్లో జనం ఎక్కువగా ప్రయాణిస్తారు కాబట్టే సమ్మె అప్పుడు పెడతారు. స్టేషన్ గేటు దగ్గర చలిలో సమ్మె నినాదం రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడ్డ రైలు గార్డు మీద విసుక్కోవద్దని మాత్రం అడుగుతాను. కోచ్ ఎక్కడ ఆగుతుందని అడిగితే చాలాసార్లు దారి చూపించేది వాళ్లే.

కోచ్ టికెట్ కొన్నాక సమ్మె విరమించారు. ఇప్పుడేం చేయాలి?

ఆఖరి రెండు మూడు రోజుల్లో చర్చలు ఫలించి సమ్మె ఆగిపోవడం మామూలే. అంతమాత్రాన రైళ్లన్నీ వెంటనే తిరిగి రావు. సమ్మె కోసం టైమ్‌టేబుల్ అప్పటికే మార్చి ఉంటారు, సిబ్బంది డ్యూటీలు మళ్లీ వేయాలి, కాబట్టి విరమించిన రోజు కూడా రైళ్లు సగం నడిచిన సందర్భాలు ఉన్నాయి. మీ రైలు సమయంతో సహా తిరిగి కనిపించి, కోచ్ టికెట్‌కు తేదీ మార్చుకునే వీలో డబ్బు వెనక్కి తీసుకునే వీలో ఉంటే రైలుకే వెళ్లండి. ఆ వీలు లేని చవక కోచ్ టికెట్ అయితే, విమానం ఉన్న రోజున రెండూ చేతిలో ఉంచుకుని ఆ ఉదయం స్టేషన్ బోర్డు చూసి నిర్ణయించుకోండి. కోచ్‌కే వెళ్తే, మీ రైలు నిజంగా నడిచిన పక్షంలో ఆ టికెట్ డబ్బు రాదు. మా ఇంట్లో అలా వదిలేసుకున్న రైలు టికెట్ ఒకటి 38 పౌండ్లది, మా చెల్లెలు మాత్రం ఆ రాత్రి విమానం ఎక్కి మర్నాడు శంషాబాదులో దిగింది.